జర్మనీ వాళ్ళ ఒకటి అంకె

సినిమా పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను మొదట అడిగేది ఒకటే. “ఆంటీ, మీరు పెద్ద పెద్ద యాక్టర్లను దగ్గర్నుంచి చూశారా?” అని. చూశాను. ఎక్కువగా వాళ్ళ వీపులు చూశాను. చొక్కా తొడిగేటప్పుడు, కోటు విప్పేటప్పుడు, చెమట పట్టిన చోట తువ్వాలు అద్దేటప్పుడు మాకు కనపడేది వీపే. ముఖం కెమెరాకు పోతుంది. మనిషి ఎంత అలిసిపోయాడో ముఖం దాచగలదు గాని వీపు దాచలేదు.

ఇరవై ఏళ్ళకు పైగా సింగపూర్‌లో ఆ పని చేశాను. బయటి దేశాల వాళ్ళు షూటింగుకు వస్తే వాళ్ళ బట్టలు ఇస్త్రీ చేయడం, వదులైతే కుట్టు వేయడం, సీను ప్రకారం తొడగడం, విప్పడం, ఉతికి మళ్ళీ తగిలించడం. డ్రెస్సర్ అంటారు. మోకాళ్ళు ఇక ఒప్పుకోక మానేశాను. ఇప్పుడు బుకిట్ పంజాంగ్ ఫ్లాట్‌లో కూర్చుని ఇది రాస్తున్నాను. రాయడం నాకు కొత్త. మలేషియాలో పామాయిల్ తోటలో పుట్టాను. తోటలో బడి ఉండేది, కాని మా ఇంట్లో నా తర్వాత నలుగురు పిల్లలు ఉండేవారు, వాళ్ళను ఎత్తుకోవడానికి ఒకరు కావాలి. అక్షరాలు యాభై ఎనిమిదో ఏట నేర్చుకున్నాను, ఆదివారం తెలుగు క్లాసులో, ఆరేళ్ళ పిల్లల పక్కన కూర్చుని. ‘ఱ’ రాయలేక వాళ్ళు ఏడిస్తే నాకు ధైర్యం వచ్చేది. కాబట్టి తప్పులుంటే సర్దుకోండి. ఈ కాసిని పేజీలకు నెల పట్టింది.

చదువు రాకుండా అన్నేళ్ళు ఎలా నెగ్గుకొచ్చావని మీరు అడగొచ్చు. అంకెలు వచ్చు నాకు. కుట్టుపని టేపు నేర్పింది. ఇక సీన్ల లెక్కకు రంగు దారాలు వాడేదాన్ని. చొక్కా కాలరు లోపల ఆకుపచ్చ ముడి వేస్తే తోట సీను, ఎర్ర ముడి వేస్తే ఆస్పత్రి సీను. రోజూ పొద్దున వచ్చే కాగితంలో ఏం రాసి ఉందో చదివి చెప్పడానికి ఎవరో ఒకరు దొరికేవారు. మిగిలిన అన్నిటికీ ఒక మాట ఉంది, ఈ ఊళ్ళో అందరికీ తెలిసిన మాట. ఏది అడిగినా “క్యాన్” అనాలి. చేస్తావా? క్యాన్. వస్తావా? క్యాన్. అర్థమైందా? క్యాన్, క్యాన్. తర్వాత చూసుకోవచ్చు.

నేను చెప్పబోయేది జర్మనీ నుంచి వచ్చిన ఒక ముసలి నటుడి సంగతి. పేరు రాయను. ఆయనకు డెబ్భై తొమ్మిదేళ్ళు. వాళ్ళ టీవీకి ఒక సీరియల్ తీస్తున్నారు. కథ చిన్నదే. కూతుర్ని పసితనంలో వదిలేసి సింగపూర్‌లో ఉండిపోయిన ఓడ ఇంజనీరు దగ్గరికి, ఆ కూతురు యాభయ్యో ఏట వెతుక్కుంటూ వస్తుంది. ఆ ఇంజనీరు వేషం ఆయనది. మొదటి రోజు నేను చొక్కా పట్టుకుని నిలబడితే ఆయన వెనక్కి తిరిగి రెండు చేతులూ ఒక్కసారే చాపాడు. కొత్తవాళ్ళు ఒక చెయ్యి పెట్టి రెండోది వెతుక్కుంటారు. ఈయన అరవై ఏళ్ళుగా ఎవరి చేతనో తొడిగించుకుంటున్న మనిషని అప్పుడే అర్థమైంది.

ఆయనకు మాట్లాడటం ఇష్టం. ఆయన ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా ఉండేది, నాదీ అంతే, కాబట్టి ఇద్దరికీ బాగా కుదిరింది. ఇస్త్రీ బల్ల పక్కన స్టూలు వేసుకుని కూర్చుని తన కథ చెప్పేవాడు. జర్మనీ రెండు ముక్కలుగా ఉన్నప్పుడు తూర్పు ముక్కలో నటన బడిలో చదివాడట. సర్కారు స్టూడియోలో నెల జీతం మీద నటుడట. గుర్రాల సినిమాలు, రాజుల సినిమాలు. గోడ కూలి రెండు దేశాలు ఒకటయ్యాక స్టూడియో మూతపడింది. పడమటి వైపు వాళ్ళకు ఈయనెవరో తెలియదు. నలభై దాటిన హీరో రెండేళ్ళు కార్పెట్లు అమ్మాడు.

“కొనడానికి వచ్చిన ఆడవాళ్ళు నన్ను గుర్తుపట్టేవాళ్ళు,” అన్నాడు. “ఏడ్చేవాళ్ళు. కార్పెట్ మాత్రం కొనేవాళ్ళు కాదు.”

తర్వాత టీవీలో చిన్న వేషాలు. శవంగా పడుకునే వేషాలే ఎక్కువట. “శవానికి డైలాగు ఉండదు. హాయి.” ఆ తర్వాత అదృష్టం తిరిగి, వారం వారం వచ్చే ఒక పోలీసు సీరియల్‌లో పదకొండేళ్ళు ఇన్‌స్పెక్టర్. రైల్లో జనం లేచి సీటు ఇచ్చేవాళ్ళట, ఆయనకు కాదు, ఇన్‌స్పెక్టరుకు. అది ఆగిపోయాక డాక్టరు సీరియల్. అప్పుడు అదే రైల్లో మోకాళ్ళ నొప్పులకు మందు అడిగేవాళ్ళు. మధ్యలో డబ్బింగ్. వాళ్ళ దేశంలో బయటి సినిమాలన్నిటికీ గొంతు మారుస్తారు, మనకు డబ్బింగ్ సినిమాలున్నట్టే. ఒక విదేశీ హీరోకు ఇరవై ఏళ్ళు ఈయనే గొంతు. ఆ హీరో చనిపోయాడు. “నా గొంతు బతికే ఉంది, దానికి పని లేదు,” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, కాని స్టూలు జరిపి లేచిపోయాడు.

అందుకే ఈ సీరియల్ ఆయనకు పెద్ద విషయం. ముసలి నటులకు వాళ్ళ దగ్గర రెండే వేషాలట, మంచం మీద తాత, మంచం కింద శవం. ఇందులో నిలబడి మాట్లాడే మనిషి వేషం ఇచ్చారు. వచ్చే ఏడాది రెండో భాగం తీస్తామని, తండ్రి పాత్ర అందులో మొదటినుంచి చివరిదాకా ఉంటుందని చెప్పారు. సంతకం ఇంకా కాలేదు. “భార్య లేదు, కుక్క కూడా పోయింది,” అన్నాడొకసారి. “వచ్చే మార్చిలో ఇక్కడికి రావాలని ఉంది, అంతే.”

రెండో వారంలో ఒక మధ్యాహ్నం నేనొక్కదాన్నే ఉన్నప్పుడు వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

“నీకు జర్మన్ వచ్చా?”

“రాదు సార్.”

“మంచిది. చదవడం, రాయడం వచ్చు కదా? ఇంగ్లీషు, అంకెలు?”

“క్యాన్,” అన్నాను.

జేబులోంచి చిన్న చీటీ తీశాడు. దాని మీద జర్మన్‌లో ఏదో పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఆయనకు డైలాగులు నిలవడం లేదు. ఏడాదిగా ఇలాగే ఉందట. చిన్నవి గుర్తుంటాయి, పెద్దవి మధ్యలో జారిపోతాయి. ఎవరికీ తెలియదు. చీటీలు తనే దాచుకుంటున్నాడు, కాని వేళ్ళు వణుకుతున్నాయి, చొక్కా కఫ్ లోపల ఒక కుట్టు వేసి నిలపడం తన వల్ల కావడం లేదు. జర్మన్ రాని మనిషి కావాలి. చదవదు, ఎవరికీ చెప్పదు.

ఆయన నన్ను ఎంచుకున్నది అందుకు. నేను ఒప్పుకున్నది ఆయన వీపు చూసి.

తర్వాత పది రోజులు బాగా గడిచింది. ఒక్కొక్క చీటీ చేతికిచ్చి “ఇది ఎడమ కఫ్,” “ఇది పేపరు మడతలో,” అని చెప్పేవాడు, నేను పెట్టేదాన్ని. డైరెక్టరు ఒక జర్మన్ ఆవిడ, నలభై ఏళ్ళుంటాయి, గొంతు పెంచని మనిషి. ఆయన మాట్లాడుతూ మాట్లాడుతూ కఫ్ సర్దుకోవడం, పేపరు విప్పడం చూసి ఆమె చప్పట్లు కొట్టింది. “ఎంత సహజంగా ఉందో చూడండి, చేతులతో కూడా నటిస్తున్నాడు,” అని చిన్న నటులకు చూపించింది. ఇస్త్రీ బల్ల వెనక నాకు నవ్వు ఆగలేదు. ఆయన నా వైపు చూడకుండా ఒక కన్ను గీటాడు.

ఇక అసలు రోజు.

పాసిర్ రిస్ వైపు సముద్రానికి దగ్గరగా ఒక పాత బంగళా అద్దెకు తీసుకున్నారు. ఆ వరండాలో తండ్రి కూతురికి, తను ఎందుకు వదిలేశాడో చెబుతాడు. సీరియల్ మొత్తానికి ముఖ్యమైన సీను అదే. ఒక్కడే మాట్లాడాలి, ఏడు ముక్కలు, మధ్యలో ఆపకుండా తీస్తారు. వారం నుంచి ఆయన నా దగ్గరే దాన్ని వల్లెవేస్తున్నాడు. కూతురు పాత్ర పేరుతో మొదలవుతుంది. ఆ పేరు, దాని తర్వాత వచ్చే నాలుగు మాటల మోత నాకు కంఠతా వచ్చేసింది. ఆ మొదటి ముక్క ఆయనకు ఎప్పుడూ తప్పలేదు, తర్వాతివే జారిపోయేవి.

ఆ పొద్దున మేకప్ వాళ్ళు ఆయన్ని ముందుగానే పిలిచారు. ఒక్కొక్కటి చేతికిచ్చే తీరిక లేదు. కవరు నా చేతిలో పెట్టి గబగబా చెప్పాడు. “అంకెలు వేశాను. టోపీ లోపల ఒకటి. ఎడమ కఫ్ రెండు, కుడి కఫ్ మూడు. పేపరులో నాలుగు. సిగరెట్టు పెట్టెలో ఐదు. విసనకర్ర వెనక ఆరు. చేతిరుమాలులో ఏడు. సరేనా?”

“క్యాన్, క్యాన్.”

కవరు విప్పి చీటీలు బల్ల మీద పరిచాను. రెండు ఉంది. మూడు, నాలుగు, ఐదు, ఆరు ఉన్నాయి. ఒకటి లేదు. ఏడులు రెండున్నాయి. ఒకటి మామూలు ఏడు. ఇంకో ఏడుకు నడుముకు బెల్టు కట్టినట్టు అడ్డగీత ఉంది.

మా కుట్టుపనిలో సుద్దతో వేసిన అంకె మీద అడ్డంగా గీత గీస్తే అది రద్దని అర్థం. కొలత తప్పు, దాన్ని వదిలెయ్, పక్కన వేసిన కొత్తది చూడు అని. నేనూ అలాగే అనుకున్నాను. ముసలాయన ఏడో ముక్క తప్పు రాసి కొట్టేసి, మళ్ళీ రాసుకున్నాడు. ఒకటికి చీటీ ఎందుకు లేదంటే, అది ఆయనకు నోటికి వచ్చు కదా! అంతా చక్కగా అతికింది. ఎవరినైనా అడగాలనిపించనంత చక్కగా అతికింది. గీత ఉన్న చీటీని ఏప్రన్ జేబులో వేసుకున్నాను. గీత లేనిదాన్ని చేతిరుమాలులో పెట్టి ఒక కుట్టు వేశాను.

జర్మనీ వాళ్ళు ఒకటి అంకెకు పైన పొడుగ్గా కొక్కెం పెడతారు. మన కంటికి అది ఏడే. ఆ ఒకటితో కలవకుండా ఏడుకు నడుమ గీత గీస్తారు. అదే వాళ్ళ అసలు ఏడు. ఈ సంగతి తెలియని మనిషి ఎవరైనా తడబడొచ్చు. కాని అక్షరాలు వచ్చినవాళ్ళు కింద రాసింది కూడా చూస్తారు. గీత లేని ఆ చీటీ మొదట్లోనే కూతురి పేరు ఉంది. వారం నుంచి వింటున్న పేరు. అది నా చెవికి వచ్చు, కంటికి రాదు.

కెమెరా తిరిగింది. నేను వరండా పక్కన తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను. ఆయన టోపీ తీసి లోపలికి చూశాడు. ఒక్క క్షణం ఆగి, ఆ మొదటి ముక్క చూడకుండానే చెప్పాడు. నా ప్రాణం కుదుటపడింది. ఎడమ కఫ్, కుడి కఫ్, పేపరు. కూతురి వేషం వేసిన ఆవిడ కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. సిగరెట్టు పెట్టె, విసనకర్ర. చివరికి చేతిరుమాలు తీసి విప్పాడు. విప్పి, మొదటి ముక్క మళ్ళీ చెప్పాడు.

అది అందరికీ నటనలాగే ఉంది. తండ్రి గొంతు పూడుకుపోయి మళ్ళీ కూతుర్ని పేరుపెట్టి పిలిచాడనుకున్నారు. డైరెక్టరమ్మ ముందుకు వంగింది. నేను మాత్రం ఆ మోత పట్టుకున్నాను. ఇది చివర రావలసింది కాదే అనుకునేలోపు ఆయన చెయ్యి అలవాటు చొప్పున ఎడమ కఫ్ మీదికి పోయింది. రెండో ముక్క. కుడి కఫ్, మూడో ముక్క. గానుగ చుట్టూ తిరిగే ఎద్దులా పాఠమంతా మళ్ళీ తిరిగాడు. అదే గొంతు, అదే బాధ, అదే చోట అదే నిట్టూర్పు. ఎదురుగా ఉన్నావిడ ముఖంలో ఏడుపు పోయి భయం వచ్చింది. మళ్ళీ రుమాలు విప్పాడు. మళ్ళీ కూతురి పేరు. మూడోసారి చెయ్యి కఫ్ మీదికి పోతుంటే డైరెక్టరమ్మ ఆపమంది.

సముద్రం మీది ఓడ ఒకటి కూత వేసింది.

బట్టలు మార్చుకునే గదిలోకి నా వెంట వచ్చాడు. రుమాలులోని చీటీ లాగి నా ముందు పెట్టాడు. “ఇది ఒకటి.”

“ఏడు సార్.”

నా ముఖంలోకి చూశాడు. పెన్ను తీసి అదే చీటీ వెనక ఒకటి రాశాడు, పక్కన ఏడు రాశాడు. “మా దగ్గర ఇలా.” తర్వాత కింద అక్షరాల మీద వేలు పెట్టాడు. “ఇది చూడలేదా?”

నేను తల దించుకున్నాను. ఆయనకు తెలిసిపోయింది. కోప్పడతాడని చూశాను. పడలేదు. వేలు నోటి మీద పెట్టుకున్నాడు. “నువ్వు ఏమీ చెప్పకు. ఒక్క మాట కూడా. నేను మాట్లాడతాను. సరేనా?”

“క్యాన్ సార్.”

ఆయన వెళ్ళాక కఫ్‌లలో కుట్టిన చీటీలు విప్పుతూ కూర్చున్నాను. కంపెనీలో కోఆర్డినేటర్ పని చేసే హైదరాబాదు అమ్మాయి ఒకతె ఉండేది. ముస్లిముల పిల్ల, నాతో తెలుగే మాట్లాడేది. రోజూ పొద్దున కాగితం చదివి చెప్పేది తనే. పరిగెత్తుకుంటూ వచ్చింది.

“ఏందాంటీ, ఇట్ల కూసున్నవ్? మకాన్‌కు పోలే, తినరా?”

“ఆకలి లేదమ్మా. బయట ఏటంటన్నారు?”

“ఏమంటరు? అంకుల్ దిమాగ్ ఖరాబైందని అంటున్రు. చెప్పిందే చెప్తుండు కదా, మా ముసలి నానీకి గట్లనే అయింది. ముందు మతిమరుపు, తర్వాత నన్నే గుర్తుపట్టలే. కెమెరా ఆయన గూడ అదే అంటుండు. ఫోన్ చేసి ఇంకొకరిని పిలిపిస్తరేమో.”

“పిచ్చి కాదే అది! నానే…”

“మీరేంది?”

చెప్పాను. అంకెలు, చీటీలు, రద్దు గీత అన్నీ చెప్పాను. చదువు రాదన్న మాట మాత్రం చెప్పక్కర్లేకపోయింది, ఆ పిల్లకు ముందే తెలుసు.

“యా అల్లా,” అని తల పట్టుకుంది. “ఇప్పుడేం చేస్తరు?”

“ఆయన నన్ను ఏం చెప్పొద్దన్నాడు. నా పని పోకూడదని తనే మోస్తన్నాడు. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి నా కోసం పిచ్చోడు అనిపించుకోవాలా?”

“ఆంటీ, జర ఆగుండ్రి, నేను కనుక్కుంట…”

ఆగలేదు. అన్నేళ్ళ ఉద్యోగంలో నేను ఎవరి ముందూ గట్టిగా ఒక మాట చెప్పింది లేదు. ఆ రోజే చెప్పాలనిపించింది. ఏప్రన్ విప్పకుండానే నడిచాను.

వరండా వెనక గదిలో ఆయన మెడ మీద తడి తువ్వాలుతో కూర్చుని కొబ్బరి నీళ్ళు తాగుతున్నాడు. డైరెక్టరమ్మ పక్కనే నిలబడి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. పని పోయిన మనిషిని ఓదారుస్తోందనుకున్నాను. ఆయన నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు. అది కూడా తప్పుగానే చదివాను. నన్ను కాపాడాలని ఇంకా చూస్తున్నాడు, ఎంత మంచివాడు, అనుకున్నాను.

“మేడమ్,” అన్నాను, “ఆయన తల బాగానే ఉంది. తప్పు నాది. కాగితాలు నేనే తప్పుగా పెట్టాను.” ఏప్రన్ జేబులోని ఏడో చీటీ, కఫ్‌లలోంచి విప్పిన రెండో మూడో చీటీలు బల్ల మీద వరుసగా పెట్టాను. అంకెలు పైకి కనపడేలా పెట్టాను.

హైదరాబాదు అమ్మాయి వెనకే వచ్చి నా చెయ్యి పట్టి లాగింది. “ఆంటీ, నడువుండ్రి. ప్లీజ్. బయటకు నడువుండ్రి.”

డైరెక్టరమ్మ చీటీలు ఒక్కొక్కటే తీసి చదివింది. ఆయన వైపు తిరిగి జర్మన్‌లో ఏదో అడిగింది. ఆయన కొబ్బరి బోండం కింద పెట్టి, “యా,” అన్నాడు. ఆమె ఇంకోటి అడిగింది. దానికీ “యా.” ఆ ఒక్క జర్మన్ మాటా నాకు తెలుసు, అవునని.

జరిగింది ఏమిటో బయటకు వచ్చాక ఆ పిల్ల చెప్పింది. నేను లోపలికి పోయే ముందే ఆయన పని చక్కబెట్టుకున్నాడు. ఎండ అన్నాడు. పొద్దున తిండి తినలేదు, కళ్ళు తిరిగాయి, ఎక్కడున్నానో తెలియలేదు అన్నాడు. ఇక్కడి ఎండకు ఆ టీములో అప్పటికే ముగ్గురు పడిపోయారు కాబట్టి డైరెక్టరమ్మ నమ్మింది. రేపు పొద్దున ఎండ ఎక్కక ముందే మళ్ళీ తీద్దామని చెప్పి, కొబ్బరి నీళ్ళు తెప్పించింది. అంతే. మిగతావాళ్ళు ఏమనుకుంటే ఏమిటి, తేల్చవలసింది ఆమె. ఆమె తేల్చేసింది. నేను పోయి ఆ బల్ల మీద చీటీలు పరిచాను.

ఆయన నన్ను కాపాడుతున్నాడనుకున్నాను. ఆయన తనను తాను కాపాడుకుంటున్నాడు. ఆ రెంటికీ తేడా తెలియడానికి అక్షరాలు అక్కర్లేదు. అయినా నాకు తెలియలేదు.

ఆ డైరెక్టరమ్మ చెడ్డది కాదని చెప్పాలి. ఆ ముసలాయన్ని ఒక్క మాట అనలేదు, నన్ను పనిలోంచి తియ్యలేదు. కాని తెలిసిన సంగతిని తెలియనట్టు ఉంచుకోలేకపోయింది. నటుల ఆరోగ్యం మీద బీమా కాగితాలు ఉంటాయట, వాళ్ళ దేశానికి తెలియజెయ్యాలట. మర్నాడు పొద్దున ఆ సీను మళ్ళీ తీశారు. ఈసారి చీటీలు లేవు. కెమెరా పక్కన ఇద్దరు మనుషులు పెద్ద పెద్ద అట్టల మీద ఆయన మాటలు రాసి అందరూ చూస్తుండగా పట్టుకున్నారు. ఆయన చెప్పాడు. ఒక్క ముక్కా తప్పలేదు. కాని టోపీ లోపలికి, కఫ్ మీదికి చెయ్యి పోలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని అట్టల వైపు చూస్తూ చెప్పాడు. బడిలో పద్యం అప్పజెప్పే పిల్లవాడిలా ఉంది. బాగుందన్నారు అందరూ. చప్పట్లు ఎవరూ కొట్టలేదు.

ఆయన మూడు రోజులు నాతో మాట్లాడలేదు. చొక్కా పట్టుకుని నిలబడితే నా చేతిలోంచి తీసుకుని తనే తొడుక్కునేవాడు. గుండీలు ఒక దాని బదులు ఇంకోటి పెట్టుకునేవాడు, వేళ్ళు వణుకుతాయి కదా. నేను చూస్తూ నిలబడేదాన్ని. కెమెరా ముందుకు పోయేలోపు ఇంకెవరో సరిచేసేవారు. పిల్లలూ, ఈ పనిలో తిట్లు తింటారు, వాటికి అలవాటు పడతారు. చేతిలోంచి చొక్కా తీసుకున్న రోజు మాత్రం ఇంటికి పోయి అన్నం ముందు కూర్చోలేరు.

చివరి రోజు మా ఇస్త్రీ గదిలో సామాను సర్దడం. ఆంగ్ మో కియోలో మా కంపెనీ గోదాం ఉండేది. వచ్చే ఏడాది రెండో భాగానికి కావలసిన బట్టలు పెట్టెల్లో పెట్టి అక్కడ భద్రపరుస్తారు, అక్కర్లేనివి దానానికి ఇచ్చేస్తారు. హైదరాబాదు అమ్మాయి చేతిలో జాబితా ఉంది. తను చదువుతుంది, పెట్టె మీద మార్కరుతో రాస్తుంది, నేను మడత పెట్టి పెడతాను.

“కూతురు గౌన్లు, ఉంచుడు. డ్రైవర్ యూనిఫారం, ఉంచుడు. ఇల్లు ఓనరమ్మ చీరలు, ఉంచుడు.” ఆగింది. “ఆంటీ.”

“చెప్పు.”

“అంకుల్ చొక్కాలు ఆరు, ప్యాంట్లు నాలుగు, టోపీ. దానానికి.”

నా చేతిలో ఉన్నది ఆ చొక్కాయే.

“తండ్రి సముద్రంల పోతడంట కథల. శవం గూడ దొరకదంట,” అంది మెల్లగా. “అంకుల్‌కు ఇంకా చెప్పలే. ఊరికి పోయినాక ఏజెంట్ చెప్తడంట. మీరు ఈసారి నోరు తెరవకుండ్రి ఆంటీ, మీకు దండం పెడ్త.”

“తెరవను.”

పెట్టె మీద ‘దానానికి’ అని పైకి చదువుతూ రాసి, వ్యాన్ వచ్చిందని కిందికి పోయింది. నేను చొక్కాలు మడిచాను. కాలర్ల లోపలి దారం ముడులు ఒక్కొక్కటి కత్తిరించాను. ఇచ్చేసే బట్టలకు మా గుర్తులు ఉంచకూడదు.

అడుగుల చప్పుడు విని తల ఎత్తితే ఆయన గుమ్మంలో ఉన్నాడు. సొంత బట్టల్లో ఉన్నాడు, వదులు కోటు. సొంత బట్టల్లో నటులు ఎప్పుడూ కొంచెం పొట్టిగా కనిపిస్తారు. వచ్చి పాత స్టూలు మీద కూర్చున్నాడు.

“నీకు చదవడం రాదు,” అన్నాడు. అడగడం కాదు, చెప్పడం.

“రాదు సార్.”

“మరి వచ్చని ఎందుకన్నావు?”

“పని కావాలి కదా సార్.”

ఒక్కసారి పెద్దగా నవ్వాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. “నా మొదటి సినిమా. ఇరవై ఏళ్ళ వాణ్ణి. గుర్రం ఎక్కడం వచ్చా అని అడిగారు. వచ్చన్నాను. గుర్రాన్ని దగ్గర్నుంచి చూడటం కూడా అదే మొదలు. మూడు రోజుల్లో నాలుగుసార్లు పడ్డాను, ఈ భుజం విరిగింది.” ఎడమ భుజం తట్టుకున్నాడు. ఆ భుజం కొంచెం కిందికి ఉంటుందని మొదటి రోజే చూశాను, దాని కోసం కోట్లకు లోపల దూది కుట్టాను. ఎందుకని ఎప్పుడూ అడగలేదు.

“కోపం పోయిందా సార్?”

“లేదు,” అన్నాడు. “కాని రేపు విమానం. కోపం బరువు. నేను బరువులు ఎత్తకూడదన్నాడు డాక్టరు.”

నేను క్షమాపణ చెప్పాలని చూశాను. చెయ్యి ఎత్తి వద్దన్నాడు. ఇస్త్రీ పెట్టె చల్లారుతూ టక్కుమంటోంది. ఆయన చూపు పెట్టెల మీదికి పోయింది. గోడ పక్కన ఒక వరుస పెట్టెలు గోదాముకు, తలుపు పక్కన ఒక్క పెట్టె దానానికి. మూత ఇంకా వెయ్యలేదు. పైన టోపీ కనపడుతోంది.

లేచి వెళ్ళి టోపీ మీద వేలితో దుమ్ము దులిపాడు. లేని దుమ్ము.

“మార్చిలో వస్తాను కదా,” అన్నాడు. “ఇది నాకు సరిగ్గా సరిపోయింది. మళ్ళీ ఇదే ఇవ్వు.” తర్వాత, పెట్టె పక్కకు చూపించి, మామూలుగా అడిగినట్టే అడిగాడు. “దీని మీద ఏం రాసి ఉంది?”

పెట్టె మీద పెద్ద అక్షరాలు నల్లటి మార్కరుతో రాసి ఉన్నాయి. అవేమిటో ఆ అమ్మాయి చదివి చెప్పింది, నాకు తెలుసు. నేను ఆయన ముఖం చూశాను. జీవితంలో మొదటిసారి, ఎందుకో తెలిసి, ఆ మాట నా అంతట నేనే అన్నాను.

“నాకు చదవడం రాదు కదా సార్.”

“అవును,” అన్నాడు. “అవును. మర్చిపోయాను.”

ఆయన కళ్ళజోడు దారానికి కట్టి మెడలో వేలాడుతోంది. పెట్టె ఆయన మోకాలికి తగిలేంత దగ్గరగా ఉంది. టోపీని జాగ్రత్తగా సర్ది, మూత తనే వేశాడు. కళ్ళజోడు పెట్టుకోలేదు.